ఎనిమిది పచ్చి బిరడాలు

మా పై అంతస్తులో ఎవరో గోడకు డ్రిల్లు వేస్తున్నారు. మొదట సిమెంటు పూత మీద సన్నగా కీచుమంటుంది. లోపల ఇటుక తగలగానే దాని గొంతు బొంగురుపోతుంది. కాసేపటికి కిటికీలోంచి ఎర్రటి పొడి, దానితోపాటు కాలిన మట్టి వాసన నా గదిలోకి దిగాయి. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

కాబట్టి ఒక వీరగాథ చెబుతాను. ఇందులో ఒక పెద్ద గోడ, దాని కింద ఇరవై మందికి పైగా ప్రాణాలు, కొండంత బరువును రెండు చేతులతో ఆపిన ఒక వీరుడు, వెన్నుపోటు పొడిచిన ఒక ద్రోహి ఉన్నారు. పాతిక ముప్పై కిలోమీటర్ల సవారీ కూడా ఉంది. ఇంతవరకూ వచ్చాక నిజం చెప్పడం మంచిది. సవారీ పాత స్కూటరు మీద. వీరుడికి మోకాళ్ల నొప్పులు. గోడ దూలపల్లి దగ్గర ఒక కొత్త కాలనీ బడిలోది. ద్రోహిని నేను. గోడకు చెక్క అల్మారా బిగించిన కథ ఇది, అంతకు మించి ఏమీ లేదు.

నేను సూరారం వాణ్ణి. డిప్లొమా చేతికొచ్చాక ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుగా చేరాను. రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లు అయివుంటుంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలు ప్లాట్లుగా, ప్లాట్లు మేడలుగా మారుతున్న రోజులు. నా ఉద్యోగం ఎండలో నిలబడి ఇతరులు పని చేస్తుంటే చూడటం. అది ఎక్కువసేపు చేయలేం కాబట్టి జోకులు వేసేవాణ్ణి. తాపీవాళ్లు నవ్వేవారు, కూలీలు నవ్వేవారు, కాంట్రాక్టరు కూడా కోపంలో లేనప్పుడు నవ్వేవాడు. నవ్వని మనిషి ఒక్కరే, మా వడ్రంగి దేవదానం మేస్త్రి.

ఆయనది మేడ్చల్. యాభై దాటిన వయసు, సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. ఆదివారాలు తెల్లచొక్కాలో వాళ్ల చర్చిలో సంఘపెద్దగా కూర్చునేవారు. మిగతా ఆరు రోజులూ అదే ముఖంతో గోడల ముందు నిలబడేవారు. మొదటిసారి మేడ్చల్‌లో ఒక ఇంటి పని దగ్గర కలిశాం. వంటింట్లో గోడ అల్మారా బిగించాలి. ఆయన నన్ను పిలిచి వేలి కణుపుతో గోడను కొట్టమన్నారు. కొట్టాను.

"ఏం వినవడ్తాంది?"

"లోపల ఎవ్వరు లేరంటున్నరు మేస్త్రీ."

మా వెనక మల్లేశ్ పకపకా నవ్వాడు. అతను మేస్త్రి దగ్గర పదేళ్లుగా పని చేస్తున్న రెండో వడ్రంగి, నాకు దొరికిన మంచి శ్రోత. మేస్త్రి మాత్రం నా ముఖంలోకి చూసి, "మళ్ల గొట్టు" అన్నారు. మళ్లీ కొట్టాను. అడుగు జరిగి కొట్టమన్నారు, ఇంకో అడుగు. అలా గోడంతా కొట్టించారు. మూడోవంతు వచ్చేసరికి నాకే తేడా తెలియడం మొదలైంది. కాంక్రీటు స్తంభం ఉన్నచోట వేలికి నొప్పి తప్ప చప్పుడు రాదు. ఇటుక ఉన్నచోట పొట్టిగా, నిండుగా పలుకుతుంది. పూత గోడను వదిలేసినచోట ఖాళీ డబ్బాలా మోగుతుంది. కాంక్రీటుకైతే ఇనుప బోల్టు, ఇటుకకైతే కట్టె బిరడా, డబ్బా మోగేచోట అసలు ఏమీ దించకూడదు. ఇదీ ఆయన చదివించిన మొదటి పాఠం. మూడేళ్ల డిప్లొమా చదువులో ఇది ఎక్కడా లేదు.

బిరడా అంటే సీసా మూత కాదు. గోడకు బెజ్జం వేసి అందులో దిగగొట్టే వేలెడంత చెక్క ముక్క. దాని నడుమకే స్క్రూ ఎక్కుతుంది, ఆ స్క్రూ మీదే అల్మారా బరువంతా ఉంటుంది. అప్పటికే బజారులో ప్లాస్టిక్‌వి దొరికేవి. చిన్నాచితక వాటికి ఆయనా అవే వాడేవారు. బరువైన పనికి మాత్రం సొంతంగా చెక్కుకునేవారు. టేకు పలకలు కోయగా మిగిలిన ముక్కలను ఇంటి పైకప్పు మీద ఏడాదిపాటు ఎండబెట్టి, నాలుగు పలకలుగా, కొస సన్నగా చెక్కేవారు. "గుండ్రంగ జేస్తె గోడల తిరుగుతది. పలకలుంటె కరుస్తది," అనేవారు. ఏడాది ఎందుకని అడిగితే, "ఎండేదంత బయటనే ఎండాలె. గోడలకు వోయినంక ఎండొద్దు," అన్నారు. నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఇంకో అలవాటు ఉండేది. అల్మారా బిగించాక ఆయన చెప్పులు విడిచి, దాని అంచును రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు నేల మీంచి ఎత్తి వేలాడేవారు. కళ్లు మూసుకుని లోలోపల ఒక ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా చెప్పుకునేవారు. అది అయ్యాకే దిగేవారు. ఇంటి యజమానులు ఈ దృశ్యం చూసి కంగారుపడేవారు. కొత్త అల్మారాకు మేస్త్రి వేలాడుతుంటే ఎవరికైనా కంగారే.

"ప్రార్థన గోడ కోసమా, మీ కోసమా మేస్త్రీ?" అని అడిగాను.

"కింద కూసునేటోళ్ల కోసం," అన్నారు దిగుతూ.

మరుసటి ఎండాకాలం దూలపల్లి బడి పని వచ్చింది. లైబ్రరీ గదిలో ఒక గోడ పొడుగునా నాలుగు గోడ అల్మారాలు బిగించాలి, వాటి కింద పిల్లలు కూర్చుని చదువుకోవడానికి బెంచీలు. అల్మారాకు ఎనిమిది చొప్పున మేస్త్రి ముప్పై రెండు టేకు బిరడాలు గుడ్డసంచిలో వేసి నా చేతికిచ్చారు. వాళ్ల చర్చిలో మూడు రోజుల ఉపవాస కూడికలు. సంఘపెద్దగా ఆయన ఉండి తీరాలి.

"గివి అల్మారాలకే. వేరేదానికి వెట్టకు సీనూ. నోటీసు బోర్డుకు ప్లాస్టిక్‌వి సాలు."

"మీరు ఉపవాసముండుండ్రి మేస్త్రీ. గోడలకు నేను అన్నం వెడ్త."

ఆయన వెళ్లిన మరునాడే అడ్మిషన్ల కోసం తల్లిదండ్రులు వస్తున్నారనీ, ముందు వరండాలో పెద్ద నోటీసు బోర్డు పెట్టేయమనీ బడివాళ్లు అడిగారు. చూస్తే ప్లాస్టిక్ బిరడాలు అయిపోయాయి. కొంపల్లి దాకా పోయి తేవాలి. ఎండ మండిపోతోంది. సంచిలో టేకువి నిండుగా ఉన్నాయి. ఎనిమిది తీసి బోర్డుకు వాడాను. ఆ బోర్డు ఎంత గట్టిగా నిలిచిందంటే, దానికి ఏనుగును కట్టేయవచ్చు.

మూడో రోజు సాయంత్రానికి మూడు అల్మారాలు ఎక్కాయి. కిటికీ పక్కన ఉండాల్సిన నాలుగోదానికి బిరడాలు లేవు. పెరట్లో అప్పుడే దిగిన నీలగిరి కర్రలు ఉన్నాయి, శ్లాబు కింద ఆసరా పెట్టడానికి తెచ్చినవి. వాటిలోంచి ఒక ముక్క కోసి ఎనిమిది బిరడాలు చెక్కమని మల్లేశ్‌కు చెప్పాను. అతను కోసి వాసన చూశాడు.

"పచ్చిగున్నది సార్. మేస్త్రి ఒప్పుకోడు."

"పచ్చిమిరపకాయ ఘాటా, ఎండుమిరపకాయ ఘాటా మల్లేశన్నా?"

"పచ్చిదే అనుకోండ్రి..."

"మరింకేంది. దించు."

అతను నవ్వాడు, దించాడు. ఎదుటివాడు నవ్వితే నా మాట నెగ్గినట్టేనని అనుకునే వయసు నాది. పచ్చిచెక్క బెజ్జంలోకి సాఫీగా దిగి గోడను నిండుగా పట్టింది. నాకే ముచ్చటేసింది.

మరునాడు మేస్త్రి వచ్చారు. ఉపవాసంతో కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. అయినా చెప్పులు విడిచి ఒక్కొక్క అల్మారాకూ వేలాడారు. నాలుగోదానికి కూడా ప్రార్థన పూర్తయ్యేదాకా వేలాడి దిగారు.

"గిది మిగిలినయాటి కంటె గట్టిగున్నది. బిరడాలు సరివోయినయా?"

"లెక్కకు లెక్క."

"అన్ని మనయేనా?"

మల్లేశ్ నేల వైపు చూస్తున్నాడు. నిజం చెబితే నోటీసు బోర్డు సంగతి చెప్పాలి, మిరపకాయ సంగతి చెప్పాలి. "మనయే మేస్త్రీ," అన్నాను. ఆయన పనిముట్లు సర్దుకున్నారు. ఏ గోడనూ వేలాడనిదే నమ్మని మనిషి నా మాటను మాత్రం చెప్పిన వెంటనే నమ్మేశారు.

ఏప్రిల్, మే నెలలు గడిచాయి. ఆ గది కిటికీలు మూసి తాళం వేసి ఉంది. లోపల ఎండ కాగుతూనే ఉంది. జూన్‌లో బడి తెరిచే సమయానికి మేము తుర్కపల్లిలో ఒక ల్యాబు క్యాంటీన్ పనిలో ఉన్నాం. బడి తెరిచిన రెండో రోజో మూడో రోజో, పొద్దున పది గంటలప్పుడు, మల్లేశ్ గోడకు బెజ్జం వేసి పెట్టె అడుగున వెతికి ఒక బిరడా తీసి అందులో పెట్టాడు. అది జారి కింద పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, గిది బళ్లె మిగిలిన నీలగిరిది. ఆనాడు దించినయాటితోనే చెక్కిన. సూడుండ్రి ఎట్ల సన్నవడ్డదో."

నిలువునా ఒక పగులు, చుట్టూ బియ్యపుగింజంత తరుగుదల. నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను, పెద్దదవుతుందేమోనని. దూలపల్లిలో కిటికీ పక్కన ఇలాంటివి ఎనిమిది ఉన్నాయి. ఇప్పుడు ఆ అల్మారాలో పుస్తకాలు ఉంటాయి. దాని కింద బెంచీ మీద పిల్లలు ఉంటారు. పది అడుగుల దూరంలో మేస్త్రి ఒక పలకకు చిత్రిక పడుతున్నారు. ఒక క్షణం, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, సాయంత్రం నేనొక్కణ్ణే వెళ్లి ఎవరికీ తెలియకుండా మార్చేస్తే ఎలా ఉంటుందని కూడా లెక్క వేశాను. సాయంత్రం కావడానికి ఇంకా ఆరు గంటలు ఆగాలి.

"మేస్త్రీ, ఒక మాట."

"జోకా?" అన్నారు తల ఎత్తకుండానే.

"కాదు."

చిత్రిక ఆగింది. నా అరచేతిలో ఉన్నది చూశారు. వాసన చూశారు. ఆయన అడిగింది రెండే రెండు మాటలు.

"ఎన్ని? యాడ?"

"ఎనిమిది. కిటికీ పక్కది మొత్తం."

"బండి తియ్యి."

తుర్కపల్లి నుంచి శామీర్‌పేట దాకా నేను ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. శామీర్‌పేటలో ఎస్‌టీడీ బూతు దగ్గర ఆగి బడికి ఫోను చేశాను. మూడోసారికి అటెండరు ఎత్తాడు.

"అన్నా, లైబ్రరీల పిల్లలున్నరా? జల్దీ బయటికి పంపాలె."

"నువ్వు ఏ తరగతి పిల్లగాని నాయినవు?"

"నాయిన గాదన్నా. కిటికీ పక్క అల్మారా పడేటట్టున్నది!"

"సెలవు గావాల్నంటె లెటర్ రాసి పంపాలె. ఫోన్ల ఇయ్యరు," అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే బిజీ టోను. మామూలు రోజైతే ఆ సంభాషణను నేను నెల రోజులపాటు అందరికీ చెప్పుకుని బతికేవాణ్ణి.

మేడ్చల్ దారి పట్టాం. వెనక మేస్త్రి కూర్చున్నారు. వీపు మీద ఆయన ఊపిరి తగులుతోంది. నాకోసం ప్రార్థన చేస్తున్నారేమో, లేక శపిస్తున్నారేమో అనుకున్నాను. చాలాసేపటికి నోరు తెరిచారు.

"లారీ వస్తాంది. పక్కకు జరుగు."

బడి చేరేసరికి పదకొండు దాటింది. మేస్త్రి గేటు దగ్గరే చెప్పులు విడిచి నడక అందుకున్నారు. ఆ మోకాళ్లతో అంత వేగం వస్తుందని నేను అనుకోలేదు. లైబ్రరీ తలుపు తెరిచే ఉంది. రెండో తరగతి పిల్లలు, ఇరవై మందికి పైనే, గోడ పొడుగునా బెంచీల మీద కూర్చుని బొమ్మల పుస్తకాలు చూస్తున్నారు. వాళ్ల టీచరు బల్ల దగ్గర ఏదో రాసుకుంటోంది. నేను కిటికీ వైపు చూశాను. అల్మారా పై అంచుకూ గోడకూ మధ్య నా వేలు దూరేంత సందు. అల్మారా నిండా లావాటి నిఘంటువులు.

మేస్త్రి ఇద్దరు పిల్లల మధ్య బెంచీ ఎక్కి, భుజం అల్మారా అడుగున ఆనించి, రెండు అరచేతులూ పైకెత్తి పట్టారు. పైన ఎక్కడో స్క్రూ కిర్రుమంది. సున్నం పొడి ఆయన చెవి మీద రాలింది.

పిల్లల్ని బయటికి పంపాల్సింది నేను. ఏడాదిగా నోటి నుంచి ఆగకుండా జోకులు కురిపించినవాణ్ణి. "బయటికి రండి" అన్నాను, అది నాకే సరిగా వినబడలేదు. పిల్లలు కదల్లేదు. వాళ్లకు పుస్తకాల కన్నా మంచి బొమ్మ దొరికింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పాప తల ఎత్తి అడిగింది.

"తాతా, ఎందుకట్ల నిలవడ్డవు?"

"బరువు తూస్తున్న బిడ్డా," అన్నారు మేస్త్రి. మెడ మీద నరం తాడులా లేచింది. "మీరంత గీడుంటె మీ బరువు గూడ దీన్ల కలుస్తాంది. జెర బయటికి వోండ్రి. ఒకలెనక ఒకలు. చప్పుడు జేస్తె లెక్క తప్పుతది."

పిల్లలు నోటి మీద వేలు వేసుకుని, లెక్క తప్పకుండా, మునివేళ్ల మీద వరుసగా బయటికి నడిచారు. టీచరుకు విషయం అర్థమై తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ భుజం పట్టి లాగేస్తోంది. అంతా అయ్యారనుకున్నాక ఆ పాప వెనక్కి పరుగెత్తుకొచ్చింది, నీళ్ల సీసా మరిచిపోయిందట. సీసా బెంచీ కింద, మేస్త్రి కాళ్ల మధ్య ఉంది. నేను పాపను నడుం పట్టి ఎత్తుకుని బయట దించాను. సీసా కోసం ఏడ్చింది. తర్వాత వెళ్లి తెచ్చిచ్చాను.

అప్పుడు నేనూ బెంచీ ఎక్కి రెండో చివర భుజం పెట్టాను. అంతలో వచ్చిన బడి వాచ్‌మన్, టీచరు పుస్తకాలు దించారు. నలుగురం కలిసి అల్మారాను నేల మీదికి తెచ్చాం. ఐదు బిరడాలు స్క్రూలతో పాటే వచ్చేశాయి. మిగిలిన మూడింటిని నేను రెండు వేళ్లతో లాగాను.

అల్మారా పడలేదు. ఎవరికీ గీత కూడా పడలేదు. వీరగాథకు ఇంతకన్నా చప్పటి ఘట్టం ఉండదు, నా జీవితంలో ఇంతకన్నా మంచి రోజూ లేదు.

ప్రిన్సిపాల్ మేడం వచ్చారు. కోస్తా నుంచి వచ్చి ఆ కాలనీలో స్థిరపడిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. "ఏమైందండీ? పిల్లలంతా గ్రౌండులో ఉన్నారేంటి?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నా వైపు చూపించారు. "సారు చెప్తడు."

నేను గొంతు సవరించుకున్నాను. "అంటే మేడం, ఎండాకాలంల కట్టె గుణం ఎట్లుంటదంటె, గాలిల తేమ తగ్గినప్పుడు..."

"గాలి సంగతి గాదు," అన్నారు మేస్త్రి. "నీ సంగతి చెప్పు."

చెప్పాను. పచ్చిచెక్క పెట్టించింది నేనని, మేస్త్రి అడిగితే అబద్ధం చెప్పింది నేనని, మల్లేశ్ వద్దన్నాడని. మొత్తం మూడు వాక్యాలు. అంత చిన్న మాటలు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మేడం గోడ మీది ఎనిమిది బెజ్జాలనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి ఆ మిగతా మూడు అల్మారాలూ?" అన్నారు చివరికి.

మేస్త్రి, భుజం కమిలి ఉన్నా, ఆమె చూస్తుండగానే మూడింటికీ మళ్లీ ఒక్కొక్క ప్రార్థన చొప్పున వేలాడారు.

తిరిగి వస్తూ మేడ్చల్‌లో టీ తాగాం. తప్పయిందన్నాను. ఆయన సాసర్‌లో టీ ఊదుకుంటూ కూర్చున్నారు.

"తప్పు నాది గూడ ఉన్నది సీనూ. గోడను అడిగిన, అల్మారాను అడిగిన. బిరడాను ఒక్కటన్న గుంజి సూడలే. నీ నోటి మాట ఇని పెట్టె సర్దుకున్న."

"ఇగ నా మాట నమ్మరా మేస్త్రీ?"

"నమ్ముత," అన్నారు. కాస్త ఆగి, "గని యాలాడి సూస్త," అన్నారు.

ఆయన ముఖంలో నవ్వు లేదు. అయినా అది జోకేనని, నా అన్ని జోకుల కన్నా మంచిదని ఇంటికి పోయాక అర్థమైంది. కాంట్రాక్టరు నన్ను తిట్టాల్సినంత తిట్టాడు. ఆ ఎండలో తిరగడానికి మరొకడు దొరక్క ఉంచుకున్నాడు. మేస్త్రి మాత్రం అన్న మాట నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత మేము కలిసి పనిచేసిన ఆరేళ్లూ, నేనేం చెప్పినా "సరే" అనేవారు, పోయి సొంతంగా చూసి వచ్చేవారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. మొదటి ఏడాది వచ్చింది. తర్వాత తర్వాత, ఆయన చూడబోయే ముందే నేనే చెప్పేయడం అలవాటైంది: ఇక్కడ బెజ్జం ఇటుకల సందులో పడింది, అక్కడ స్క్రూ పొట్టిది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు సొంతంగా ఇళ్లకు చెక్కపని చేయిస్తాను. ఇల్లు చూపించగానే ముందు లోపాలు చెప్పడం మొదలుపెడతాను: ఈ గోడ బరువు మోయదు, ఈ పని నావాళ్లు నిరుడు ఒకచోట చెడగొట్టారు, మళ్లీ చేసిచ్చాం. దాంతో సగం మంది ఇంకొకరిని చూసుకుంటారు. తప్పు నాదైతే నాది అనే మాట వాక్యం మొదట్లోనే పెడతాను, గాలిలో తేమ దాకా పోను. జోకులు మానలేదు. ఎవరైనా "ఇది గట్టిగా ఉందా?" అని అడిగినప్పుడు మాత్రం వేయను.

దూలపల్లి బడిలో ఆ నాలుగు అల్మారాలూ ఐదేళ్లు కూడా లేవు. కంప్యూటర్ల గది కావాలని విప్పేశారు. మేస్త్రి బిరడాలు ఎంత లాగినా ఊడిరాలేదట. తలలు గోడకు సమానంగా కోసేసి, పైన గోడ నునుపు చేసే లప్పం రాసి, లేత నీలం రంగు వేశారు. ఆ తలలు కనబడకుండా పోవడానికి లప్పం రెండు పూతలు పట్టింది.